రూలో కారు కొండ దిగిన వైనం

మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు గురునాథరావు గారు దర్శనానికి గుళ్లోకి వెళ్లి చాలాసేపైంది. బయట హుస్సేన్ బాషా తన కారు చుట్టూ ప్రదక్షిణాలు చేస్తున్నాడు. లోపల ఆయన మొక్కు సింహాద్రి అప్పన్నకి, బయట ఇతని మొక్కు ఆయనకి.

కొండ ఎక్కడం అయిపోయింది. దిగడం మిగిలింది. సరిగ్గా దిగితే ఇన్‌స్పెక్టరు గారు సంతకం పెడతారు. సంతకం పెడితే కారుకి నంబరు వస్తుంది. దీనికి నంబరు వస్తేనే రెండోది తయారు చేయడానికి వీలు. రాకపోతే గాజువాకలో షెడ్డు నెత్తిన ఠీవిగా వేలాడుతున్న 'విశాఖ రూలో మోటార్స్' అన్న రేకు బోర్డు ఇంటికి పట్టుకెళ్లి స్నానాలగదికి తలుపుగా బిగించుకోవాలి. తెలుగులో కారు అంటే కానివాళ్లని కూడా అర్థం. 'వీళ్లు బాగుపడేవాళ్లు కారు' అని ఊరివాళ్లు ఇన్నాళ్లూ హుస్సేన్‌నీ, అతని జతగాడు నీలకంఠాన్నీ చూసి ఆ అర్థంలోనే వాడుతున్నారు.

"ఏటి బావా, గానుగెద్దులాగ ఆ తిరుగుడు?" అన్నాడు నీలకంఠం. కారు వెనక చెక్కబల్ల మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. అతని సీటు అదే. ఇద్దరు మనుషులు, కొంత సరుకు మోయాలని ఇన్‌స్పెక్టరు గారి షరతు. నీలకంఠం సరుకు కింద లెక్క.

"వొచ్చేటప్పుడు బ్రేకు కొంచిం మెత్తగా అనిపించినాది బావా."

"కొత్త లైనర్లు కదేటి. పట్టు కుదరాల. కొత్త పెళ్లికూతురు మొదటిరోజే పెత్తనం సేసెత్తాదా? నువ్వూరికే బుర్ర పాడుసేసుకోకు."

హుస్సేన్ నవ్వలేదు. అతని నాన్న ఇద్రీస్ ఈ కారు కథ వెయ్యిసార్లు చెప్పాడు. ఆ కథలో కూడా ఒక వాలుంది.

యాభైల్లో షిప్‌యార్డులో పనిచేయడానికి కొందరు ఫ్రెంచి ఇంజనీర్లు వచ్చారు. వాళ్లలో ఒకాయన్ని జనం ఫ్రెంచిలో 'మొస్యే', అంటే అయ్యగారూ, అనబోయి మూసీ దొరని చేసేశారు. పేరుకే మూసీ, నోరు మాత్రం ఎన్నడూ మూసినవాడు కాదట. ఆయన ఓడలోంచి తనతోపాటు ఒక బుల్లి కారు దింపాడు. దాని పేరు రూలో. ఫ్రాన్సులో ఏదో చిన్న ఊళ్లో రూలో అన్నదమ్ములని ఇద్దరు ఇనప మంచాలు చేసి అమ్ముకునేవాళ్లు. యుద్ధం అయ్యాక అక్కడ పెట్రోలు కరువు, రేకు కరువు, కొనేవాడి జేబులో అంతకన్నా కరువు. ఆ అన్నదమ్ములు మంచాల గొట్టాలతోనే చట్రం కట్టి, దానికో పొట్టి ఇంజను తగిలించి, పడుకునేదాన్ని పరిగెత్తించాం చూసుకోండని బజార్లో పెట్టారు. జనం ఎగబడ్డారు. పత్రికలవాళ్లు ఫొటోలు తీశారు. అంతా బాగుందనుకుంటుండగా ఒక రూలో వంతెన దగ్గర వాలులో ఆగకుండా పోయి ఏట్లో పడింది. తోలేవాడు తాగి ఉన్నాడని అన్నదమ్ములు తేల్చేశారు. కాదనడానికి వాడు మిగల్లేదు. మరుసటేడు ఇంకొకటి పడింది. వాడూ తాగాడన్నారు. కొనేవాళ్లు తగ్గారు. కంపెనీ నాలుగేళ్లకే గుటుక్కుమంది. అన్నదమ్ములు మళ్లీ మంచమెక్కారు, అంటే మంచాల వ్యాపారంలోకి ఎక్కారు. మంచి కంపెనీని తాగుబోతులు ముంచేశారని మూసీ దొర వాపోయేవాడు. ఆయన ఆ అన్నదమ్ములకి స్వయానా బావమరిది. ఇంకేం చెబుతాడు?

దొర తిరిగి వెళ్లిపోతూ, కొనే నాథుడు దొరక్క కారుని డ్రైవరు ఇద్రీస్‌కి వదిలేశాడు. కొన్నాళ్లు అది విశాఖ పాత ఊళ్లో షికారు కారు. తర్వాత బేకారు. చివరికి హుస్సేన్ తల్లి జన్నత్ బీ కోళ్లకి కాపురం.

ఎనభై రెండులో ఉక్కు ఫ్యాక్టరీ పనులు జోరందుకుని గాజువాక చుట్టూ ఎక్కడ చూసినా కొత్త ఉద్యోగస్తులే. ఒక్కో స్కూటరు మీద మొగుడూ పెళ్లాం, ఇద్దరు పిల్లలు, వాళ్ల మధ్య ఒక గ్యాసు బండ. అది చూసి హుస్సేన్‌కి రూలో గుర్తొచ్చింది. లారీ షెడ్డులో పని మానేశాడు. నీలకంఠం వెల్డింగు పని మానేశాడు. కోళ్లని ఖాళీ చేయించి, ఆ ఫ్రెంచి కారుని ముక్కముక్కలుగా విప్పి, ముక్క పక్కన ముక్క పెట్టి అచ్చు అలాంటిదే కొత్తది చేశారు. ఇంజను మాత్రం ఆటోరిక్షాది. తక్కినదంతా బోల్టుకి బోల్టు, తీగకి తీగ.

గుళ్లోంచి గురునాథరావు గారు వచ్చారు. నుదుట చందనం, చేతిలో పులిహోర పొట్లం.

"పద పద. ఎక్కడం బాగానే ఎక్కింది. నీ కారు పేరేంటో గానీ, మా ఆఫీసులో అంతా ఇది ఏ రూలో, ఏ సెక్షనో అని తలలు బాదుకుంటున్నారయ్యా. దిగడం కూడా చూసేస్తే నా పని అయిపోతుంది." కూర్చుని తలుపు వేసుకున్నారు. తలుపు రెండోసారికి పడింది. "ఇంకోసారి అడుగుతున్నాను. బ్రేకులు రెండున్నాయి కదా?"

"ఉన్నాయి సార్. కాలిదొకటి, చేతిదొకటి."

"ఆ. నేను కళ్లు మూసుకుంటాను. నాకు ఘాట్ రోడ్లలో లోయ చూస్తే తల తిరుగుతుంది. నా పరీక్షంతా చెవులతోనే."

వాహనాల ఇన్‌స్పెక్టరుకి తల తిరగడం ఏమిటని నీలకంఠం వెనక మూతి బిగించి నవ్వాడు. హుస్సేన్ బిస్మిల్లా అనుకుని బండి కదిపాడు.

మొదటి మలుపు దగ్గర పెడలు నొక్కాడు. బండి నెమ్మదించింది, కానీ అడిగినంత కాదు. బతిమాలినంత. రెండో మలుపులో ఇంకాస్త గట్టిగా నొక్కాడు. రోడ్డుకి ఎడమ పక్క కొండ, కుడి పక్క లోయ. లోయలో పనస చెట్ల తలలు కనిపిస్తున్నాయి. చెట్లని కింది నుంచి చూడ్డం వేరు, పైనుంచి చూడ్డం వేరు.

"భలే వాసనయ్యా. పులిహోర ఇంకా వేడిగానే ఉన్నట్టుంది" అన్నారు గురునాథరావు గారు కళ్లు మూసుకునే.

హుస్సేన్‌కి కూడా వాసన తగిలింది. పసుపు, నూనె, మాడుతున్న పోపు. ఘాట్ రోడ్డు కాబట్టి ఘాటుగానే ఉంది. పొట్లం వైపు చూశాడు. పొట్లం చల్లగా, అరటాకులో ముడుచుకుని, ఏ పాపం ఎరగనట్టుంది. వాసన కిందినుంచి వస్తోంది. వెనక చక్రాల దగ్గర్నుంచి.

మూడోసారి పెడలు నొక్కాడు. కాలు నేలకంటింది. బండి మాత్రం తనకేమీ చెప్పనట్టే పోతోంది.

నీలకంఠం వెనకనుంచి వంగి, అతని చెవిలో నోరు పెట్టాడు.

"బావా. మా యమ్మ. నిన్న."

అంతే అన్నాడు. అంతకన్నా అక్కర్లేకపోయింది.

నిన్న విజయదశమి. ఆయుధ పూజకి షెడ్డులో సుత్తులు, స్పానర్లు, వెల్డింగు గన్ను అన్నీ బల్లమీద వరసగా పేర్చారు. నీలకంఠం తల్లి దేముడమ్మ ఏటా చేసినట్టే నువ్వుల నూనెలో పసుపు కలిపి, ఒక్కోదానికీ పసిపిల్లకి పట్టించినట్టు ఒళ్లంతా పట్టించి, కుంకం బొట్టు పెట్టింది. విప్పి పెట్టిన బ్రేకు షూలూ ఆ బల్లమీదే ఉన్నాయి. ఆవిడ లెక్కలో కొడుకు చేత్తో పట్టుకునే ఇనుమంతా ఆయుధమే, పైగా ఇవి కొత్త కారువి. వాటికి ఇంకో చెయ్యి ఎక్కువే వేసింది. సాయంత్రం హుస్సేన్ వాటిని బిగించబోతూ ఆ పసుపు చూశాడు. పెట్రోలుతో కడుగుదామని డబ్బా కూడా తీశాడు. పక్కనే దేముడమ్మ కూర్చుని ఉంది. పూజ చేసినదాన్ని ఎదురుగానే కడిగేస్తే తను అత్తా అని పిలిచే ఆవిడ మనసు నొచ్చుకుంటుందేమోనని, తురకోడు మా పసుపు కడిగేశాడనుకుంటుందేమోనని, డబ్బా దించేసి, పాతగుడ్డతో బొట్టు వరకు తుడిచి బిగించేశాడు. నూనె అప్పటికే లైనర్లలో, అంటే చక్రాన్ని ఒరుసుకుని ఆపే షూల మీది పట్టీల్లో, ఇంకిపోయింది. ఇప్పుడు వేడికి బయటికొస్తోంది.

హుస్సేన్ చేతి బ్రేకు లాగాడు. అది తడినేలలో ముల్లంగిలాగ సుళువుగా పైకొచ్చేసింది. బండి ఆగలేదు.

ఎందుకాగుతుంది? కాలిదీ, చేతిదీ వెళ్లి కలిసేది ఒకే తీగకి. ఆ తీగ లాగేది వెనక చక్రాల్లోని ఆ రెండు షూలనే. ముందు చక్రాలకి అసలు బ్రేకే లేదు. రూలో అన్నదమ్ములు అలా పెట్టారు కాబట్టి ఇతనూ అలాగే పెట్టాడు. ఫ్రెంచివాడి లెక్క, మనకన్నా వాడికి తెలీదా అనుకున్నాడు.

ఆ వాలులో, ఆ మాడు వాసనలో, హుస్సేన్‌కి వంతెన దగ్గర ఏట్లో పడ్డవాడు కనిపించాడు. వాడూ కాలు నేలకంటేదాకా నొక్కే ఉంటాడు. చేత్తో లాగే ఉంటాడు. వాన నీరు చేరిందో, గ్రీజు కారిందో, ఏదైతేనేం. వాడు తాగలేదు. రెండోవాడూ తాగలేదు.

"గేరు దించు బావా!" నీలకంఠం గుసగుస ఇప్పుడు గుస మానేసి బుసలోకి దిగింది.

హుస్సేన్ గేరు కిందికి లాగాడు. పళ్లు కటకటలాడాయి. మొదటి గేరులో పడాల్సింది మధ్యలో నిలబడిపోయింది. తగువుల్లో ఎటూ పడకుండా మధ్యస్థంగా ఉండేవాడంటే అందరికీ గౌరవమే గానీ, వాలులో గేరు మధ్యస్థంగా ఉంటే గోవిందా. ఇంజను పట్టు కూడా పోయి బండికి పూర్తిగా స్వాతంత్య్రం వచ్చింది. రేకులు దడదడలాడుతున్నాయి. తలుపు ఊడదామా వద్దా అని ఆలోచిస్తోంది.

కిందినుంచి హారను వినపడింది. మలుపు తిరిగి యాత్రికుల బస్సు పైకొస్తోంది. లోయ పక్క రోడ్డంతా దానిదే. ఆ బస్సు ముందు, కొండ పక్కన, తలమీద మూటలతో నలుగురైదుగురు ఆడవాళ్లు నడిచి వస్తున్నారు.

"తప్పుకోండ్రా! అమ్మా, తప్పుకోండి! ఓలమ్మా, తప్పుకోండే!" నీలకంఠం తల బయటికి పెట్టి గొంతు చించుకున్నాడు.

"అప్పన్నా, నరసింహా, నరసింహా" అంటున్నారు గురునాథరావు గారు. అది ఆయన ఎక్కినప్పటినుంచీ అంటున్నదే. వేగం పెరిగేకొద్దీ జపం కూడా పెరిగింది, అంతే తేడా. కళ్లు మాత్రం తెరవలేదు.

ఆడవాళ్లు కొండ గోడకి అతుక్కున్నారు. ఒక మూట జారి రోడ్డుమీద పడింది. బస్సు ముఖం ఎదురుగా పెద్దదవుతోంది. ఆ రెండింటి మధ్యా మిగిలిన సందు కారు వెడల్పే ఉంది, మనిషి గుండె వెడల్పు కూడా లేదు. హుస్సేన్ ఆ సందులోకి పోనిచ్చాడు. బస్సు పక్కరేకు మెరుపులా పోయింది. ఎవరో తిట్టారు. తిట్టు సగమే వినపడింది.

ఆడవాళ్లని దాటగానే ఎడమకి కోశాడు. ఎడమ చక్రాలు రెండూ కొండ పక్క కాలవలోకి దిగాయి, అయినా బండి ఆగలేదు. రేకు రాయిని ఒరుసుకుని కీచుమంది. అద్దం పోయింది. తలుపు పిడి పోయింది. ఇంకో మలుపు ఇంత దూరంలో ఉంది, దాని అవతల ఆకాశం తప్ప ఏమీ లేదు. మలుపుకి ముందు రోడ్డు పనివాళ్లు పోసిన ఎర్రమట్టి గుట్ట. హుస్సేన్ స్టీరింగు చక్రాన్ని గుండెకేసి అదిమి, ముక్కు సూటిగా గుట్టలోకి గుచ్చాడు.

ధప్పుమంది. దుమ్ము లేచింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. ఎక్కడో పిట్ట కూసింది.

గురునాథరావు గారు కళ్లు తెరిచారు. ముందు పొట్లం చూసుకున్నారు. ఉంది. తర్వాత మట్టిగుట్టని చూశారు.

"ఎమర్జెన్సీ స్టాపు!" ముఖం వెలిగిపోయింది. "ఇది కూడా చూపించేశావా? ముందొక మాట చెప్పొద్దటయ్యా? ఇంత వేగం మీద ఇంత తక్కువ దూరంలో! రేకులు కాస్త గీసుకున్నాయి, పోనీలే. ప్రాణం ముఖ్యం. భేష్!" జేబులోంచి పెన్ను తీశారు. "నంబరుకి రాసేస్తాను."

హుస్సేన్ చేతులు ఇంకా చక్రం మీదే ఉన్నాయి. విప్పుదామన్నా రావడం లేదు.

నీలకంఠం దిగి, అవతలినుంచి వచ్చి, అతని భుజం పట్టుకుని కిందికి దించాడు. నాలుగడుగులు పక్కకి తీసుకెళ్లాడు.

"నోరు మూసుకో బావా. నీకు దణ్ణం. ఆయన రాసెత్తన్నాడు. ఇంటికెళ్లి ఆ బ్రేకు సూలు నానే పెట్రోల్లో ముంచి ఆరబెడతాను. అయిపోనాది."

"అయిపోదు బావా. ఒక తీగే ఉన్నాది."

"ఇన్నాళ్లూ ఒక తీగే ఉన్నాది! నీకియాలే కనపడినాదా? గాజువాకలో పదకొండు మందికి కారు సేసిత్తామని సెప్పీసినాను. నా పెళ్లాం పైడితల్లి రోజూ ఏటంటాదో ఎరిగుండే మాటాడతన్నావా? 'మీ కారు రోడ్డెక్కే లోపల మనం రోడ్డెక్కీసినాం' అంటాది. రేప్పొద్దున్న ఏ మొకం ఎట్టుకుని మళ్లా వెల్డింగుకి ఎల్తాను సెప్పు?"

"ఆ పదకొండు మందీ పిల్లల్ని ఎక్కించుకుంటారు కదా బావా. ఆ బల్ల మీదే. నువ్వు కూకున్న సోట."

నీలకంఠం ముఖం తిప్పేసుకున్నాడు. హుస్సేన్ ఇన్‌స్పెక్టరు గారి దగ్గరికి వెళ్లాడు.

"సార్, రాయకండి. అది చూపించింది కాదు. బ్రేకు పడలేదు."

గురునాథరావు గారు నవ్వబోయారు. అతని ముఖం చూశాక ఆ నవ్వు దారిలోనే దిగిపోయింది. వెనక్కి తిరిగి, వాళ్లు దిగొచ్చిన రోడ్డు చూశారు. కాలవ గట్టు పొడుగునా రేకు గీసిన తెల్లటి చార. మూట ఎత్తుకుంటున్న ఆడవాళ్లు. ఆ పక్కన లోయ. ఈసారి కళ్లు తెరుచుకునే చూశారు. చూసి మట్టిగుట్ట మీదే కూలబడ్డారు.

"పడలేదా?"

"లైనర్లకి నూనె అంటింది సార్. పూజ నూనె. నేను కడగాల్సింది, కడగలేదు. తప్పు నాది."

ముందు తిట్టారు. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలున్నారన్నారు. మళ్లీ తిట్టారు. తిట్లయ్యాక, బతికిపోయిన మనిషికి వచ్చే మెత్తదనం ఏదో వచ్చింది.

"మా అమ్మా ఇంతేనయ్యా. దసరాకి నా సైకిలు చైనుకి పసుపు పూసి, ప్యాంట్లన్నీ పచ్చగా చేసేది. సరే. ప్రాణాలు పోలేదు. శుభ్రంగా కడిగి సోమవారం తీసుకురా. చదునుగా ఉన్న రోడ్డుమీద చూసి రాసేస్తాను. నిజం చెప్పావు, అది చాలు."

వెనక నీలకంఠం ఊపిరి వదలడం హుస్సేన్‌కి వినపడింది. ఇక్కడితో ఊరుకోవచ్చు. చెప్పింది నిజమే. నూనె వల్లే జరిగింది. నూనె మీద తోసేస్తే కారుకి మచ్చ లేదు. రూలో అన్నదమ్ములు సారా మీద తోసేసినట్టు.

"సార్, ఇంకోటుంది."

"బావా!" అన్నాడు నీలకంఠం.

"ఇందాక రెండు బ్రేకులున్నాయన్నాను. పట్టుకునేవి రెండు సార్. పట్టేది ఒక్కటే. కాలిదీ చేతిదీ ఒక తీగకే. ఆ తీగ తెగినా, ఆ షూలు తడిసినా, ఇంకేమీ లేదు. కడిగి తెచ్చినా ఇది ఇంతే."

గురునాథరావు గారు పెన్నుకి మూత పెట్టారు. ఆ చిన్న చప్పుడు హుస్సేన్‌కి బస్సు హారను కన్నా గట్టిగా వినపడింది.

"నువ్వు చెప్పకపోతే నేను కనిపెట్టేవాణ్ణి కాదు."

"అవును సార్."

"మార్చగలవా?"

"ముందు చక్రాలకి బ్రేకు పెట్టాలంటే చట్రమే మార్చాలి. చట్రం మారిస్తే మొదటినుంచీ ఇంకో కారు. మా ఇద్దరి వల్లా కాదు సార్."

"అయితే ఇవ్వలేను."

"ఇవ్వకండి సార్."

దిగే బస్సు వస్తే ఆయన చెయ్యెత్తి ఆపారు. ఎక్కబోతూ వెనక్కొచ్చి, పులిహోర పొట్లం కారు ముందు రేకు మీద పెట్టారు. వెళ్లి బస్సెక్కారు. మూసీ దొర బావల కంపెనీ నాలుగేళ్లు బతికింది. విశాఖ రూలో మోటార్స్ ఒక ఉగాది చూసింది, ఒక దసరా చూసింది, రెండో కారు చూడలేదు.

నీలకంఠం గుట్ట మీద కూర్చుని, రాళ్లేరి లోయలోకి విసురుతున్నాడు. హుస్సేన్ పొట్లం విప్పి అతని ముందు పెట్టాడు. నీలకంఠం ముట్టుకోలేదు. కాసేపటికి ఒక ముద్ద తీసుకున్నాడు. పసుపు వాసన ముక్కుకి తగలగానే మళ్లీ ఆకులో పెట్టేశాడు.

"ఫ్రెంచోడు అబద్దమాడి నాలుగేళ్లు నడిపినాడు. నువ్వు నాలుగు రోజులు నడపలేకపోనావు."

హుస్సేన్ పొట్లం మళ్లీ మడిచాడు.

"అమ్మకి సెప్తావేటి?"

"అత్తకెందుకు? నానే కడగలేదు."

నీలకంఠం ఇంకో రాయి విసిరాడు. అది ఎక్కడ పడిందో చప్పుడు రాలేదు. లేచి, ప్యాంటు దులుపుకుని, బల్ల కిందనుంచి లారీ తాడు లాగాడు. ఒక కొస కారు వెనక గొట్టానికి ముడేశాడు. రెండో కొస తన నడుముకి రెండు చుట్లు చుట్టుకుని, మడమలు రోడ్డుకి తన్నిపెట్టి, వెనక్కి వాలి నిలబడ్డాడు.

హుస్సేన్ చక్రం ముందు కూర్చుని, రివర్సు గేరులో గుట్టలోంచి ముక్కు బయటికి తీశాడు. గుట్టలోంచి ముక్కు బయటికి తీశాడు. బండి ముందుకి తూగింది. తాడు బిగిసింది.

"పట్టుకున్నావా బావా?"

"పట్టుకున్నాను. నాను నీతో మాటాడ్ను గానీ, నెమ్మదిగా పోనీ."